వచ్చిన నాడు ఒకటి

మా ఊళ్ళో ఎవరికి తేదీ కావాలన్నా నా దగ్గరికి వస్తారు. వస్తారు అని రాశాను గాని, వచ్చేవారు అని రాయాలి. మాది గూడూరు మండలంలో అడవి మొదలయ్యే చోట రెండు వందల గడప ఉన్న ఊరు. ముప్పై ఒక్క ఏళ్ళు ఇక్కడి అంగన్‌వాడీలో టీచరుగా చేశాను. ఏ పిల్ల ఏ రోజు పుట్టింది, ఎంత బరువుతో పుట్టింది, ఏ టీకా ఎప్పుడు పడింది, అన్నీ నా రిజిస్టర్లలో ఉండేవి. ఉద్యోగం దిగిపోయినప్పుడు రిజిస్టర్లు ఆఫీసుకు అప్పజెప్పాను. అప్పజెప్పే ముందు పుట్టిన తేదీలన్నీ నా సొంత నోటు పుస్తకాల్లోకి ఎక్కించుకున్నాను. ఏడు పుస్తకాలయ్యాయి. పిల్లను బడిలో వేసేటప్పుడు, ఆధార్ కార్డులో తప్పు దిద్దించేటప్పుడు జనం ఆ పుస్తకాల కోసం వచ్చేవారు.

పుస్తకంతో పనిలేని లెక్క ఇంకొకటి ఉంది. పిల్ల పుడితే ఇరవై ఒకటో దినం ఎప్పుడు, మనిషి పోతే మూడో దినం ఎప్పుడు, పదకొండో దినం ఎప్పుడు అనేది. దీనికి మా దగ్గర పద్ధతి ఒక్కటే. పుట్టిన నాడు ఒకటి. పోయిన నాడు ఒకటి. పొద్దుగూకే ముందు ప్రాణం పోయినా ఆ రోజు లెక్కలోకి వస్తుంది. మా అమ్మ నాకు వేలి కణుపుల మీద అలా నేర్పింది. ఈ లెక్క నేను ఒక్కసారి కూడా తప్పలేదు.

నా భర్త పోయి కరోనా వచ్చేనాటికి పందొమ్మిదేళ్ళు. పిల్లలు లేరు. జనగామలో ఒక చెల్లెలుంది. ఊళ్ళో నాకున్న మనిషి ఎవరంటే, మా గోడకు ఆనుకుని ఉన్న ఇంటి కోడలు. ఆమె కాపురానికి వచ్చిన రెండో నెల నుంచి, చేను పని ముగించుకుని, స్నానం చేసి, సాయంత్రం మా ఇంటి ముందు అరుగులా ఉన్న గద్దె మీదికి వచ్చి కూర్చునేది. ఇరవై రెండేళ్ళు అలా వచ్చింది. చాటలో బియ్యం ఏరుకుంటూ కూర్చునేది, లేదా ఊరికే కూర్చునేది. నన్ను పెద్దమ్మా అనేది. ఆమె వచ్చిపోయే ఆ గంట కోసం నేను మిగతా రోజంతా గడిపేదాన్నని అప్పట్లో నాకు తెలియదు. లాక్‌డౌన్ పెట్టిన మొదటి మూడు వారాలు ఆమె రాలేదు. అప్పుడు తెలిసింది.

ఆ మూడు వారాలు ఎలా గడిచాయో రాయడానికి పెద్దగా ఏమీ లేదు. పొద్దున వండిన అన్నమే సాయంత్రం తినేదాన్ని. ఊరి దారికి అడ్డంగా ముళ్ళకంప వేశారు. ఎరువుల దుకాణం వాళ్ళిచ్చిన క్యాలెండర్ మీద రోజూ పెన్సిలుతో ఒక గీత పెట్టేదాన్ని. ఒకరోజు పొద్దున గీత పెట్టాక గొంతు సవరించుకుంటే, ముందు రోజంతా నేను ఒక్క మాట కూడా మాట్లాడలేదని గుర్తొచ్చింది. జనగామకు ఫోను చేశాను. ఆ రోజుల్లో ఫోను కలిపితే ముందు ఎవరో దగ్గేవారు, తర్వాత జాగ్రత్తలు చెప్పేవారు. చెవి సరిగా వినపడదని నేను స్పీకరు పెట్టి మాట్లాడతాను. గోడ అవతల ఆ కోడలి అత్త, నాకంటే రెండేళ్ళు పెద్దది, ఆ దగ్గు విన్నది.

"ఓ టీచరమ్మా, నీ చెల్లెకు బాగ దగ్గు వట్టినట్టున్నది. జర దవాఖానకు పొమ్మనరాదు!"

"అది మా చెల్లె కాదు, ఫోను దగ్గుతున్నది."

"ఫోనుకు గూడ వచ్చిందా? ఇంకేం బతుకుతం!"

కోడలు నవ్వడం వినిపించింది. మరుసటి సాయంత్రం ఆమె ముక్కుకు కొంగు చుట్టుకుని వచ్చి గద్దెకు ఆ చివరన కూర్చుంది. "ఏం కూర పెద్దమ్మా?" అన్నది. పప్పు అన్నాను. "మొన్న గూడ పప్పే కమ్మగ వాసనొచ్చె. పప్పు తిని తిని నువ్వే పప్పు ముద్దోలె అయినవు," అన్నది. నాకు కళ్ళు తడిశాయి. పొయ్యి పొగ అని చెప్పాను. ఆ పూట నేను పొయ్యి వెలిగించలేదని ఆమెకు తెలుసు.

ఎండలు ముదిరాక బొంబాయి దిక్కు పనికి పోయినవాళ్ళు తిరిగి రావడం మొదలైంది. కొందరు లారీల్లో వచ్చారు, కొందరు కొంత దూరం నడిచి వచ్చారు. వాళ్ళ చేతుల మీద ముద్ర ఉండేది. పద్నాలుగు రోజులు విడిగా ఉండాలన్నారు. మా ఊరి బడిలో రెండు గదులు వాళ్ళకు వదిలారు. ఆశ కార్యకర్త వచ్చి, జ్వరం చూసి, ఎవరిని ఏ తేదీన పంపాలో కాగితం మీద రాసి తలుపుకు అంటించేది. ఆమె టేకుమట్ల నుంచి మా ఊరికి కోడలుగా వచ్చిన పిల్ల. వచ్చి మూడేళ్ళు కాలేదు. మనిషి నెమ్మది. ఊళ్ళో ఆమెను ఆశమ్మ అనేవారు, ఆమె మాట మాత్రం ఎవరూ వినేవారు కాదు.

ఆ కాగితాల మీద ఊరికి నమ్మకం లేదు. టీవీలో ఒకటి చెప్పేవారు, ఫోన్లలో ఇంకొకటి వచ్చేది. పలుకుబడి ఉన్నవాళ్ళను పది రోజులకే వదులుతారని ఒక మాట, అసలు రోగమే లేదని ఒక మాట, సూది వేసి కిడ్నీలు తీసుకుంటారని ఒక మాట తిరిగేవి. సర్పంచి ఒకరోజు మా వాకిట్లో నిలబడ్డాడు.

"టీచరమ్మా, బడిలకెళ్ళి ఎవలను ఎన్నడు ఇడువాలెనో నువ్వే చెప్పు. నేను చెప్తె, మావోళ్ళకొక తీరు, మందికొక తీరు చేస్తున్ననంటున్నరు."

"ఆశమ్మ రాసి అంటిస్తున్నది గద."

"గా పిల్ల మాట ఎవలింటరు? నిన్న మొన్న వచ్చింది. నీ లెక్క తప్పిందని ఇన్నేండ్లల్ల ఒక్కలన్న అన్నరా?"

ఎవరూ అనలేదు. ఆయన ఆ మాట అనడం నాకు ఇష్టంగానే ఉంది. ఇంట్లో ఒక్కదాన్నే కూర్చున్న రోజుల్లో ఊరు నాకు ఒక పని పెట్టింది. కొత్త నోటు పుస్తకం తీశాను.

మొదట వచ్చినవాళ్ళు నలుగురు. నలుగురికీ నేను చెప్పిన రోజునే తాళం తీశారు. ఆశమ్మ కాగితం మీద ప్రతిసారీ మరుసటి రోజు తేదీ ఉండేది. మొదటిసారి ఆమె మా ఇంటికి వచ్చి దూరంగా నిలబడింది.

"టీచరమ్మా, వచ్చిన దినం లెక్కల వట్టరాదట. తెల్లారిన సంది ఒకటట. మాకు మీటింగుల గట్లనే చెప్పిండ్రు."

"నేను టీకాల తేదీలు రాసేటప్పటికి నువ్వు పుట్టలే బిడ్డా," అన్నాను.

"నిజమే," అని ఆమె వెళ్ళిపోయింది. ఆ నలుగురికీ ఏమీ కాలేదు. దాంతో నా లెక్క గట్టిదని ఊరికి ఇంకా నమ్మకం కుదిరింది, నాకు కూడా.

అయిదోవాడు పక్కింటామె భర్త. దసరా తర్వాత కట్టడాల పనికి బొంబాయి పక్కకు పోయినవాడు, ఒక సోమవారం సాయంత్రం లారీ దిగి, ఇంటికి కాకుండా నేరుగా బడికి నడిచాడు. ఆమె గేటు ఇవతల నిలబడి చూసింది. "సగమైండు పెద్దమ్మా," అని ఆ సాయంత్రం గద్దె మీద ఏడ్చింది. మర్నాటి నుంచి రెండు పూటలా అన్నం గిన్నె గేటు దగ్గర పెట్టి వచ్చేది. సాయంత్రం మా గద్దె మీద కూర్చుని అడిగేది.

"ఇంకెన్ని పెద్దమ్మా?"

"ఎనిమిది."

"నిన్న తొమ్మిదంటివి."

"నిన్న తొమ్మిదే."

"మంచిగ తగ్గుతున్నయి. గట్లనే తగ్గనియ్యి."

లోపల నుంచి అత్త కేకేసేది: "అడిగితె తగ్గుతయా ఏంది? పొద్దుగాల ఒకసారి, పొద్దుమీకి ఒకసారి అడుగు, రెండేసి తగ్గుతయేమో!"

నేను సోమవారం ఒకటి అని పట్టాను. ఆదివారం ఏడు, మళ్ళీ సోమవారం ఎనిమిది, ఆ పై ఆదివారానికి పద్నాలుగు. ఆదివారం సాయంత్రం బడి గేటు దగ్గర పదిమంది దాకా ఉన్నారు. సర్పంచి ఉన్నాడు. అత్త కర్ర పట్టుకుని వచ్చింది. ఆశమ్మ కాగితం చూపించింది.

"రేపు సోమవారం సాయంత్రం దాక టైముందన్నా. ఒక్క రాత్రి గద. ఉండనియ్యిండ్రి."

"నీ ఒక్క రాత్రి పాడుగాను. ఏడు నెల్లాయె నా కొడుకు ఇంటి బువ్వ తిని," అన్నది అత్త.

"టీచరమ్మకు నువ్వు లెక్కలు నేర్పుతవా పిల్లా?" అని వెనక నుంచి ఎవరో అన్నారు. అందరూ నవ్వారు. ఆశమ్మ నా వైపు చూసింది. పక్కింటామె కూడా నా వైపే చూసింది. "అయినయి గద పెద్దమ్మా?" అన్నది.

"అయినయి," అన్నాను.

తాళం తీశారు. ఆ సాయంత్రం గోడ అవతల నుంచి కోడి కూర వాసన వచ్చింది, నవ్వులు వచ్చాయి. ఒక గిన్నె నా గద్దె మీద కూడా పెట్టి వెళ్ళింది ఆమె. ఆ రోజు మా గద్దె మీద ఎవరూ కూర్చోలేదు. నాకు లోటుగా అనిపించలేదు, వాళ్ళ సందడి వింటూ తిన్నాను.

సోమవారం తెల్లవారేసరికి అతనికి ఒళ్ళు కాలిపోతోంది.

ఆశమ్మే మొదట వచ్చింది. అంబులెన్సుకు ఫోను చేసి మహబూబాబాద్ పంపించింది. బుధవారం కరోనా అని తేలింది. పక్కింటి తలుపుకు కాగితం పడింది. శనివారం అత్తకు జ్వరం. ఆదివారం ఆమెను కూడా మహబూబాబాద్ తీసుకుపోయారు, అక్కడి నుంచి వరంగల్ పంపారు. బండి ఎక్కేటప్పుడు ముసలామె గోడ మీదుగా నన్ను చూసి, "ఫోను దగ్గు నాకే అంటింది టీచరమ్మా," అన్నది. నవ్వుతూనే అన్నది. కొడుకు కోలుకుని ఇంటికి వచ్చాడు. ఆమె రాలేదు. ఆ పై వారం గురువారం మధ్యాహ్నం చనిపోయింది. శవాన్ని ఊరికి పంపలేదు. దవాఖాన మనుషులే దహనం చేశారు. బూడిద కూడా వీళ్ళ చేతికి రాలేదు. చాలా నెలల తర్వాత ఆ కొడుకు కాళేశ్వరం పోయి గోదావరిలో మునిగి, నీళ్ళు వదిలి వచ్చాడు.

గురువారం సాయంత్రం పక్కింటామె నాకు ఫోను చేసింది. ఆమె గోడ అవతలే ఉంది. ఫోనులో ఒకసారి, గోడ మీదుగా ఒకసారి, ప్రతి మాటా నాకు రెండుసార్లు వినిపించింది.

"పెద్దమ్మా, మూడొద్దులు ఎన్నడైతది? మాకు తెలుస్తలేదు. ఇంట్ల ఎవలం సోయిల లేము. నువ్వు చెప్పు."

"ఈ రోజు గురువారం ఒకటి," అన్నాను. "శుక్రవారం రెండు. శనివారం మూడు."

"శనివారమా? సరే పెద్దమ్మా."

ఫోను పెట్టేసింది. నా బొటనవేలు ఇంకా చూపుడువేలు మూడో కణుపు మీదే ఉంది. నేను ఏం చేశానో అప్పుడు నాకు అర్థమైంది. అంతకు ముందు బడి గదుల దగ్గర కూడా నేను ఇదే లెక్క పట్టాను. వచ్చిన నాడు ఒకటి అన్నాను.

ఇది నాకు తెలియని సంగతి కాదు. తెలియనిదైతే ఇంత రాయను. ముప్పై ఒక్క ఏళ్ళు టీకాల రిజిస్టరు రాశాను. అక్కడ ఈ సోమవారం టీకా పడితే నాలుగు వారాలకు మళ్ళీ సోమవారమే పడాలి, పడిన రోజును లెక్కలోకి పట్టం. ఆ లెక్క ఆఫీసుది. ఇంటి లెక్క వేరు. రెండూ నా చేతిలోనే ఉన్నాయి, ఎప్పుడూ ఒకదాన్ని ఇంకొక దానిలో కలపలేదు. మరి అప్పుడెందుకు కలిపాను? మనుషులు విడిగా ఉన్నారు. వాళ్ళ గిన్నెలు విడిగా ఉన్నాయి. ముట్టుకోకూడదన్నారు, దూరం నుంచి అన్నం పెట్టారు. పురుటింట్లో, చావు జరిగిన ఇంట్లో మనం చేసేదంతా అక్కడ చేస్తుంటే, నా వేళ్ళు ఆ ఇళ్ళ లెక్కలోకి వెళ్ళిపోయాయి. ఆ పిల్ల వచ్చి చెప్పినా నేను వినలేదు.

నాలుగు సార్లు తప్పు లెక్క చెప్పాను, ఏమీ కాలేదు. అయిదోసారి అయింది. అతను ఆ ఒక్క రాత్రి బడిలో ఉండి ఉంటే జ్వరం బడిలోనే బయటపడేది. అక్కడి నుంచి నేరుగా దవాఖానకు పోయేవాడు. ముసలామె కొడుకుకు ఎదురుగా కూర్చుని అన్నం తినిపించేది కాదు. తర్వాత ఒక డాక్టరుతో ఫోనులో మాట్లాడాను, మా చెల్లెలు మాట్లాడించింది. ఇంట్లో అతనొక్కడి నుంచే వచ్చిందని చెప్పలేమమ్మా, అన్నం గిన్నెలు కడిగిన కోడలి నుంచి కూడా రావచ్చు, ఆ రోజుల్లో ఎటు నుంచైనా రావచ్చు, అన్నాడాయన. మంచి మనిషి. నేను ఆ మాటను చాలాసార్లు ముందు పెట్టుకుని చూశాను. ఆ రాత్రి బడిలో గడిస్తే ఏమయ్యేదో లెక్కకు అందదు. తేదీ తప్పు చెప్పానన్నది మాత్రం లెక్కకు అందుతుంది.

శుక్రవారం చెప్పాలనుకున్నాను. ఏడుస్తున్న ఇల్లు, ఇప్పుడెలా అనుకున్నాను. శనివారం మూడో దినం, ఆ రోజు అసలు వద్దనుకున్నాను. ఈలోపు ఊరు తప్పును ఆశమ్మ మీద వేసింది. జ్వరం సరిగ్గా చూడలేదని కొందరు, ఇంటింటికి తిరిగి ఆమే అంటించిందని కొందరు. ఆమె వస్తే తలుపులు మూసేవారు. మంచినీళ్ళు అడిగితే ఇచ్చేవారు కాదు. సీసాలో ఇంటి నుంచి నీళ్ళు తెచ్చుకునేది. ఒకరోజు మా వాకిట్లో నిలబడి, తల్లిని చూడడానికి టేకుమట్ల పోతే అక్కడివాళ్ళు కూడా ఊళ్ళోకి రానివ్వలేదని చెప్పింది. "ఆడ నేను రోగాల ఊరి పిల్లనట, ఈడ టేకుమట్ల పిల్లనట," అని నవ్వబోయింది. నేను లోపలికి పోయి మంచినీళ్ళు తెచ్చి గద్దె మీద పెట్టాను. అప్పుడు కూడా నోరు విప్పలేదు. చెప్తే సాయంత్రం గద్దె మీదికి వచ్చే మనిషి ఇక రాదు. నేను నోరు మూసుకోవడానికి కారణం అదొక్కటే. వేరే కారణాలు కల్పించుకున్నాను గాని అవి లెక్కలోకి రావు.

పదకొండో దినం ఆదివారం వచ్చింది. ఇంటివాళ్ళు కాక ముగ్గురు వచ్చారు. అందరూ వెళ్ళిపోయాక నేను వాళ్ళ వాకిట్లోకి పోయి, గడప బయట నిలబడ్డాను. భార్యాభర్తలిద్దరూ అరుగు మీద ఉన్నారు. నిలబడే చెప్పాను. సోమవారం సాయంత్రం దాకా ఉండాల్సిన మనిషిని ఆదివారం విడిపించాను, ఆశమ్మ రాసిందే సరైన తేదీ, తప్పు నాది, అన్నాను.

అతను నేల చూస్తూనే, "ఒక్క దినంల ఏమైతది టీచరమ్మా. అయ్యేదయింది, పోనీ," అన్నాడు. అంత తొందరగా అనకపోతే బాగుండేది.

ఆమె అన్నది:

"గీ ముచ్చట నాకు చెప్పకపోతే ఏమైతుండె పెద్దమ్మా?"

"ఊరంతా ఆశమ్మను అంటున్నది బిడ్డా."

"ఆమె చెప్పింది. నా ముందటనే చెప్పింది. నేను నీ మొఖం చూసిన. నువ్వు అయినయి అన్నవు. రోజు ఇంకెన్ని, ఇంకెన్ని అని అడిగింది నేనే గద. ఒక్క రాత్రి నేను ఆగలేకపోతినా?"

నేను అది నీ తప్పు కాదు, లెక్క నాది అన్నాను. ఆమె లేచి లోపలికి పోయింది. ఆమెకు నా మీద కోపం వచ్చి ఉంటే నేను భరించేదాన్ని. కోపం ఎన్నాళ్ళకో తగ్గుతుంది. నన్ను చూస్తే ఆమెకు తన తొందర గుర్తొస్తుంది. అది తగ్గదు.

మర్నాడు సర్పంచి దగ్గరికి పోయాను. మైకులో చెప్పించమన్నాను. "అయిపోయినదానికి మళ్ళ కొత్త లొల్లి ఎందుకు టీచరమ్మా," అన్నాడు. ఆయన పేరు కూడా ఇందులో ఉందని నాకు తర్వాత తట్టింది. తాళం తీయించింది ఆయనే. అందుకని నేనే తిరిగాను. మా వాడలో ఇరవై ఆరు ఇళ్ళు. ముక్కుకు గుడ్డ కట్టుకుని, గడప బయట నిలబడి, ఇరవై ఆరు సార్లు అదే మాట చెప్పాను. ఒక ఇంటామె, "నీకు వయసైంది, ఎందుకు గీ ఎండల తిరుగుతవు?" అన్నది. ఒకాయన, "గా ఆశమ్మనే నిన్ను గిట్ల చెప్పుమన్నదా?" అన్నాడు. కాదన్నాను. "మంచిదానివి కాబట్టి మీదేసుకుంటున్నవు," అన్నాడు.

ఎవరూ నమ్మలేదు. నేను తప్పు తేదీ చెప్పినప్పుడు నమ్మినవాళ్ళే, తప్పు చెప్పానంటే నమ్మలేదు. నా మీద ఉన్న నమ్మకాన్ని తీసి ఆ పిల్లకు ఇవ్వాలనుకున్నాను. అది గిన్నె కాదు, ఒక చేతి నుంచి ఇంకో చేతికి ఇచ్చేయడానికి.

ఆ తర్వాత నేను చేయగలిగింది ఒక్కటే మిగిలింది. తేదీ కోసం ఎవరు వచ్చినా, ఆశమ్మనడుగు అని పంపడం మొదలుపెట్టాను. టీకాల తేదీలకు, దవాఖాన తేదీలకు, అన్నిటికీ. మొదట ఆశ్చర్యపోయారు. తర్వాత నొచ్చుకున్నారు. "గర్వమొచ్చింది," అన్నారట. రావడం మానేశారు. కొందరు మాత్రం వేరే దారి లేక ఆమె దగ్గరికి పోయారు. పోతూ పోతూ అలవాటు పడ్డారు. మరుసటి ఏడాది రెండో విడత రోగం వచ్చేసరికి మా వాడలో జ్వరమొస్తే ముందు ఆమెకే ఫోను చేసేవారు. అది నా మాట వల్ల జరిగిందని చెప్పుకోను. ఆమె రోజూ తిరిగింది, అందువల్ల జరిగింది.

ఆ ఏడాదంతా మా గద్దె ఖాళీగానే ఉంది. ఆమె చేను నుంచి వచ్చే అలికిడి తెలిసేది. బిందె పెట్టిన చప్పుడు, స్నానం నీళ్ళ చప్పుడు, తర్వాత ఏమీ ఉండేది కాదు. ఎదురుపడితే, "తిన్నవా పెద్దమ్మా?" అనేది. తిన్నానని చెప్పేదాన్ని. ఏం కూర అని అడిగేది కాదు. మా చెల్లెలు జనగామ వచ్చేయమన్నది. వెళ్ళి నలభై రోజులున్నాను. టౌనులో బిల్డింగు, కింద దుకాణాలు, పగలంతా మనుషుల గొంతులే. సాయంత్రం ఆ వేళకు నేను లేచి వాకిలి వైపు పోయేదాన్నట. "ఎవరొస్తారక్కా?" అని చెల్లెలు ఒకసారి అడిగింది. తిరిగి వచ్చేశాను.

టీకా మా ఊరికి వచ్చినప్పుడు ఎవరూ కదల్లేదు. వేసుకుంటే రెండేళ్ళలో చస్తారని ఫోన్లలో తిరిగింది. ఆశమ్మ పట్టిక పట్టుకుని ఇల్లిల్లూ తిరిగింది. మొదటి రోజు బడిలో నేనూ, ఇంకో ఏడుగురూ వేసుకున్నాం. రెండోసారి టీకాలు పెట్టిన రోజు ఇంకొంతమంది వచ్చారు. నా రెండో డోసు కూడా ఆ రోజే పడింది. టీకా వేశాక అరగంట అక్కడే కూర్చోవాలి. వరండాలో పొడవాటి బెంచీ ఉంది. దాని మీద కూర్చున్నాను.

పక్కింటామె వచ్చింది. ఆశమ్మ మూడుసార్లు ఇంటికి పోయి అడిగిందని తర్వాత విన్నాను. సూది వేయించుకుని, రవిక చేయి కిందికి లాక్కుంటూ వరండాలోకి వచ్చింది. ఆశమ్మ ఆమె చేతిలో చీటీ పెట్టి రెండోది ఎప్పుడో చెప్పింది. ఆమె చీటీ చూసింది. చూసి, తల తిప్పి, నా వైపు చూసింది. ఏడాది దాటింది ఆమె నన్ను అలా చూసి.

"గిది సరిగనే రాసిందా పెద్దమ్మా?" అని చీటీ నా వైపు చాపింది.

నేను చేయి చాపి ఉంటే ఆమె వచ్చి నా పక్కన కూర్చునేది. నాకు తెలుసు. ఇద్దరం కణుపుల మీద ఒకసారి లెక్కపెట్టేవాళ్ళం. అక్కడి నుంచి ఏదో ఒక మాట వచ్చేది. ఆశమ్మ అక్కడే నిలబడి ఉంది. వరండాలో ఇంకో పదిమంది ఉన్నారు, అందరూ ఇటే చూస్తున్నారు. నేను ఆ చీటీ తీసుకుని చూసి సరే అంటే, ఆ తేదీ నాదవుతుంది.

"రాసినామె నీ ముందటే ఉన్నది బిడ్డా, ఆమెనడుగు," అన్నాను.

ఆమె చేయి కాసేపు అలాగే ఉంది. తర్వాత ఆశమ్మ వైపు తిరిగి, "మళ్ళ ఒకసారి చెప్పు చెల్లె," అన్నది. ఆ పిల్ల చెప్పింది. ఈ రోజు లెక్కలోకి రాదని, రేపటి నుంచి పట్టుకోవాలని, నిదానంగా, వేళ్ళ మీద చూపించి చెప్పింది. ఆమె తలూపింది. చీటీ మడిచి రవికలో పెట్టుకుని బెంచీకి ఆ చివరన కూర్చుంది. మా ఇద్దరి మధ్య నలుగురు కూర్చునే జాగా ఉంది. ఎవరూ కూర్చోలేదు.

అరగంట అయిందని ఆశమ్మ వచ్చి చెప్పింది. ఆమె లేచి, కొంగు సర్దుకుని, "పోయొస్త," అన్నది. ఎవరితో అన్నదో తెలియదు. నా అరగంట అంతకు ముందే అయిపోయింది. నేను ఇంకాసేపు అక్కడే కూర్చున్నాను.